కళాశాల ప్రవేశ పరీక్షకు ఇంగ్లీషు అభ్యాసము – గ్రామ గ్రంథాలయము చేయగల సహాయము

పదవ తరగతి పరీక్షలు ముగియు నాటికి మన గ్రామములలో పెక్కు ఇండ్లయందు ఒకే ఆలోచన బయలుదేరును. పిల్లవానిని ఏ కళాశాలలో చేర్పింపవలెను? అమ్మాయిని పొరుగూరికి పంపగలమా? రుసుము, వసతి, భోజనము – వీటన్నిటికిని సొమ్ము ఎచ్చటినుండి తేవలెను? మగ్గముపై బ్రదుకు నేత కుటుంబములలోను, ప్రత్తి మిరప పైరులను నమ్ముకొన్న రైతు కూలీల కుటుంబములలోను ఈ ప్రశ్నలకు జవాబు దొరకక, చదువగల బిడ్డ చదువు అచ్చటనే ఆగిపోవుట పంచాయతీ సభ్యులకు తెలియని సంగతి కాదు.

ఇట్టి బిడ్డలకు తెరచియున్న ద్వారములలో గురుకుల జూనియర్ కళాశాలలు ముఖ్యమైనవి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల నెలకొల్పబడినది. మరుసటి ఏట గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలోను అట్టి పాఠశాలలే వెలసినవి. వసతితో కూడిన ఈ విద్య క్రమముగా కళాశాల స్థాయికిని విస్తరించినది. ఆంధ్రప్రదేశ్ గురుకుల విద్యాలయ సంస్థ జూనియర్ కళాశాలలలో చేరదలచిన వారు ప్రవేశ పరీక్ష వ్రాయవలెను. ఈ పరీక్ష 150 మార్కులకు జరుగును. మూడు విషయములు, ఒక్కొక్క దానికి 50 మార్కులు. గణిత శాఖ కోరినను, జీవశాస్త్ర శాఖ కోరినను, వాణిజ్య శాఖ కోరినను ఇంగ్లీషు భాగము మాత్రము తప్పదు. కాగా మొత్తము మార్కులలో మూడవ వంతు ఇంగ్లీషుదే. లెక్కలలో ఆరితేరిన విద్యార్థియైనను ఇంగ్లీషును ఉపేక్షించినచో వెనుకబడిపోవును. ఇంటర్మీడియట్ తరువాత కేంద్రీయ విశ్వవిద్యాలయములలో చేరుటకై 2022లో ప్రవేశపెట్టిన ఉమ్మడి పరీక్షలోను భాషా విభాగమున చదివి గ్రహించుటకును, పదజ్ఞానమునకును ప్రాధాన్యము కలదు. నేడు నేర్చినది రెండేండ్ల తరువాత కూడ అక్కరకు వచ్చునని దీనివలన తెలియుచున్నది.

పాఠశాల పరీక్షకును ప్రవేశ పరీక్షకును గల భేదము

పాఠశాలలో ఇంగ్లీషున మంచి మార్కులు వచ్చిన పిల్లలు ప్రవేశ పరీక్షలో తడబడుటకు కారణమేమి? పాఠశాల పరీక్షలో పెక్కు ప్రశ్నలు పాఠములనుండియే వచ్చును. గైడు పుస్తకమును కంఠస్థము చేసినవాడును గట్టెక్కగలడు. ప్రవేశ పరీక్షలో మునుపెన్నడు చూడని వాక్యమును ఇచ్చి అందలి తప్పును పట్టుకొమ్మందురు; మునుపెన్నడు చదువని భాగమును ఇచ్చి అందలి భావమును అడుగుదురు. కంఠస్థము చేసినది ఇచ్చట ఉపకరింపదు. ఈత పుస్తకములో చదివి ఏరు దాటలేము గదా! నిత్యాభ్యాసమొక్కటే దీనికి మార్గము. పరీక్షకు వారము దినముల ముందు రేయింబవళ్ళు చదువుటకంటె, మూడు నెలల ముందు మొదలిడి దినమున కొక గంట చదువుట మేలు.

నేతపనితో దీనిని పోల్చి చూడవచ్చును. వ్యాకరణము పడుగు వంటిది. పదములు పేక వంటివి. పడుగు సరిగా లేనిచో ఎంత మంచి నూలైనను గుడ్డ కాదు. పేక లేనిచో పడుగు పడుగుగానే ఉండిపోవును. రెండును కలిసి నేయబడిన వస్త్రమే మనము చదువు భాగము.

వ్యాకరణము

తెలుగు బిడ్డలకు ఇంగ్లీషులో ఎదురగు చిక్కులు చాలవరకు రెండు భాషల నిర్మాణ భేదమువలన కలుగునవే. ఆ భేదమును ముందే తెలిసికొన్నచో సగము తప్పులు తగ్గును.

మొదటిది పదముల వరుస. తెలుగున "నేతగాడు చీర నేసెను" అందుము: కర్త, కర్మ, క్రియ. ఇంగ్లీషున క్రియ నడుమకు వచ్చును: "ది వీవర్ వోవ్ ఎ శారీ." రెండవది విభక్తులు. మనము "బల్ల మీద" అని నామమునకు తరువాత చెప్పుదుము. ఇంగ్లీషున "ఆన్ ది టేబుల్" అని ముందుగా చెప్పవలెను. మూడవది 'ఎ', 'యాన్', 'ది' అను చిన్న మాటలు. వీనికి సరియైనవి తెలుగున లేవు కనుక మన పిల్లలు వీనిని విడిచిపెట్టుదురు. 'ఎ', 'యాన్' అను వానిలో దేనిని వాడవలెనో నిర్ణయించునది ధ్వనియే గాని అక్షరము కాదు. 'అవర్' అను మాట హెచ్ అక్షరముతో మొదలైనను ఉచ్చారణ అచ్చుతో మొదలగును కాన "యాన్ అవర్" అనవలెను. 'యూనివర్సిటీ' అను మాట యు అక్షరముతో మొదలైనను పలుకుబడిలో హల్లు వినవచ్చును కాన "ఎ యూనివర్సిటీ" అనవలెను. ఈ ఒక్క విషయము మీదనే పరీక్షలలో ప్రశ్నలు తరచుగా కనబడును.

నాలుగవది క్రియ. తెలుగు క్రియ నేయుదును, నేయుదువు, నేయును అని పురుషను బట్టి మారును. ఇంగ్లీషున వర్తమాన కాలమున "ఐ వీవ్, యు వీవ్, దే వీవ్" అని మారకయే యుండి, "హి వీవ్స్, షి వీవ్స్" అనుచోట మాత్రము చివర ఒక 'ఎస్' చేరును. ఆ ఒక్క అక్షరమును మరచుటవలన మార్కు పోవును. మరియు "నాకు తెలియును" అనుటకు "ఐ నో" అనవలెనే గాని "ఐ యామ్ నోయింగ్" అనరాదు.

వారమునకొక అంశము చొప్పున తీసికొనవలెను. నియమమును చదివిన వెంటనే దానిని తన యింటి విషయములతో పది వాక్యములుగా విద్యార్థి వ్రాయవలెను. తప్పుల కొరకు వేరొక నోటు పుస్తకము పెట్టుకొని, ఒక ప్రక్క తప్పు వాక్యమును, ఎదుట సరియైన వాక్యమును, క్రింద కారణమును వ్రాయవలెను. నెల గడచునప్పటికి తాను తరచుగా చేయు తప్పులు ఐదారేయని విద్యార్థికే తెలియవచ్చును.

పదసంపద

నిఘంటువును మొదటి పుటనుండి వల్లించుట వృథాశ్రమ. పదములను కుటుంబములుగా నేర్చుట సులభము. వీవ్, వీవర్, వీవింగ్, వోవెన్ – ఇవి యొక కుటుంబము. న్యాయమునకు ముందు 'అ' చేర్చి అన్యాయము అన్నట్లే, 'హ్యాపీ' అను మాటకు ముందు 'అన్' చేర్చి 'అన్‌హ్యాపీ' యందురు. ఇట్టి ఉపసర్గలు పదిపన్నెండు తెలిసినచో వందల మాటల అర్థము ఊహింపవచ్చును.

మన ఊళ్ళలో ఇదివరకే వాడుకలోనున్న ఇంగ్లీషు మాటలపట్ల కొంత జాగ్రత్త వలయును. కరెంటు అనగా మనకు విద్యుత్తు. పరీక్షలో అదే మాట నీటి ప్రవాహమును తెలుపవచ్చును, ప్రస్తుత కాలమును తెలుపవచ్చును. చుట్టునున్న వాక్యమును బట్టియే అర్థము నిర్ణయించుకొనవలెను. అట్లే ఏ మాట ప్రక్క ఏ మాట ఇముడునో గమనింపవలెను. "తప్పు చేసెను" అని మన మందుము గనుక పిల్లలు "డూ ఎ మిస్టేక్" అని వ్రాయుదురు. "మేక్ ఎ మిస్టేక్" అనుట ఇంగ్లీషు వారి పలుకుబడి.

నేర్చిన మాట నిలుచుట మరియొక సమస్య. జర్మను శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, నేర్చినదానిలో అధిక భాగమును మనము మొదటి గంటలలోను, దినములలోను మరచిపోదుము; విడివిడి దినములలో మరల మరల జ్ఞప్తికి తెచ్చుకొన్నచో అది నిలుచును. కనుక దినమునకు ఐదు మాటలు చాలును. చిన్న కాగితపు ముక్కకు ఒక ప్రక్క మాటను, వెనుక ప్రక్క అర్థమును సొంత వాక్యమును వ్రాసికొని, మరునాడు, మూడవనాడు, ఏడవనాడు, పదునైదవనాడు వెనుక ప్రక్క చూడకుండ చెప్పుకొనవలెను. 90 దినములలో 450 మాటలు స్వాధీనమగును.

చదివి గ్రహించుట

భాగమును మొదట ఆగకుండ ఒకమారు చదువవలెను. తెలియని మాట వచ్చినను నిలువరాదు. ప్రతి పేరాకు ముఖ్య విషయమేమో ఒక్క మాటలో అనుకొనవలెను. తరువాత ప్రశ్నలు చదివి, ఒక్కొక్క ప్రశ్నకు జవాబు ఏ పంక్తిలో నున్నదో వెదకి చూచి గుర్తు పెట్టవలెను. మనకు లోకజ్ఞానమువలన తెలిసిన జవాబు వేరు, భాగములో చెప్పిన జవాబు వేరు. పరీక్షలో రెండవదే సరియైనది. 'నాట్', 'ఎక్సెప్ట్', 'ఓన్లీ' అను మాటలున్న ప్రశ్నలను రెండుమారులు చదువవలెను.

2020–21లో రాష్ట్ర ప్రభుత్వము ఎదురెదురు పుటలలో ఇంగ్లీషు, తెలుగు గల పాఠ్యపుస్తకములను ప్రవేశపెట్టినది. అభ్యాసమునకు ఇవి మంచి సాధనములు. తెలుగు పుటను కాగితముతో కప్పి, ఇంగ్లీషు పుట చదివి, భావమును తెలుగున చెప్పి, పిదప కప్పు తీసి సరిచూచుకొనవచ్చును. గురువు దగ్గర లేనప్పుడు ఆ పుటయే గురువగును.

దినమునకు గంటలో 20 నిమిషములు వ్యాకరణమునకు, 15 నిమిషములు పదములకు, 25 నిమిషములు చదువుటకు కేటాయింపవచ్చును. ఆదివారమునాడు పాత ప్రశ్నపత్రమును గడియారము ముందుంచుకొని వ్రాయవలెను. రెండున్నర గంటలలో 150 ప్రశ్నలనగా ప్రశ్నకొక నిమిషము. చదువు భాగమునకు అధిక కాలము పట్టును గనుక వ్యాకరణ ప్రశ్నలను అర నిమిషములో ముగించు నేర్పు అలవడవలెను. పరీక్షా నియమములకై ఆ సంవత్సరపు ప్రకటనను విధిగా చదువవలెను.

వేటపాలెము చూపిన దారి

ఈ గంటసేపు చదువుకొనుటకు చోటెక్కడ? ఒంటిగది యిండ్లలో, మగ్గము చప్పుడు నడుమ, ఇంటిపనుల నడుమ బిడ్డ ఎచ్చట కూర్చుండును? ఈ ప్రశ్నకు వేటపాలెము నూరేండ్లకు పూర్వమే జవాబు చెప్పినది. విజయవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాలుగేండ్లకు, 1918లో, ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారి పూనికతో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1929లో మహాత్మా గాంధీ గ్రంథాలయ భవనమునకు శంకుస్థాపన గావించిరి. వారి చేతికర్ర అచ్చట భద్రపరుపబడినది. పాత పత్రికల సంపుటములకు ఆ గ్రంథాలయము ప్రసిద్ధి. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఈ ఊరు పట్టణము కాదు. నేతగాండ్రు, వర్తకులు, రైతులు గల ఊరు. పరిశోధకులు దూరప్రాంతములనుండి వెదకికొని వచ్చు గ్రంథాలయమును అట్టి ఊరి ప్రజలు నిలుపుకొనగలిగినప్పుడు, ప్రతి గ్రామమును ఒక గదిని, ఒక బల్లను, ఒక దీపమును ఏర్పాటు చేసికొనలేదా?

పంచాయతీ కర్తవ్యము

ఇది ఉపాధ్యాయుల పనియే గాని మా పని కాదని సభ్యులు తలపరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును కలవు. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము క్రింద ఇంటి పన్నుతోబాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. పంచాయతీకి ఇంటి పన్ను 5 లక్షల రూపాయలు వచ్చుననుకొందము. గ్రంథాలయ పన్ను 40 వేల రూపాయలగును. ఆ సొమ్ము పంచాయతీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లవలసినది. దానిని బకాయి పెట్టిన పంచాయతీ తన గ్రామమునకు పుస్తకములు, పత్రికలు కావలెనని అడుగుటకు నోరెట్లు వచ్చును? సకాలమున చెల్లించిన పంచాయతీ హక్కుతో అడుగవచ్చును.

సభ్యులు వెంటనే చేయదగిన పనులు కొన్ని కలవు. గ్రంథాలయము గాని, పంచాయతీ కార్యాలయపు గది గాని సాయంకాలము రెండు గంటలు పిల్లలకొరకు తెరచియుండునట్లు చూడవలెను. ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక మంచి నిఘంటువు, గత సంవత్సరముల ప్రశ్నపత్రములు అచ్చట ఉంచవలెను. విశ్రాంత ఉపాధ్యాయులను, సెలవులకు ఇంటికి వచ్చిన పట్టభద్రులను వారమునకొకమారు వచ్చి పిల్లల తప్పుల పుస్తకములు చూడుమని కోరవలెను. దరఖాస్తు గడువు తేదీలను నోటీసు బోర్డుపై వ్రాయించవలెను. గడువు తెలియకపోవుటచేత పరీక్షయే వ్రాయలేకపోయిన బిడ్డ ఏ గ్రామమునను ఉండరాదు. చీకటి పడిన పిదప ఆడపిల్లలు ఇంటికి చేరు దారిలో వీధి దీపములు వెలుగుచున్నవో లేవో సభ్యులే స్వయముగా చూడవలెను. ఒక్క దీపము ఆరిపోయినందున ఒక తండ్రి తన కుమార్తెను గ్రంథాలయమునకు పంపుట మానినచో, ఆ లోపము పంచాయతీదే యగును.

వచ్చు సమావేశపు అజెండాలో ఈ విషయమును చేర్చుడు. మీ గ్రామమున ఈ ఏడు పదవ తరగతి చదువుచున్న బిడ్డలెందరో, వారిలో ప్రవేశ పరీక్ష వ్రాయదలచినవారెందరో పేరుపేరున జాబితా వ్రాయించుడు. ఆ జాబితాలోని ప్రతి బిడ్డకును ఒక కుర్చీ, ఒక పుస్తకము, ఒక గంట కాలము ఏర్పరచుట మీ చేతిలోని పనియే.