సూరత్‌లో బయటపడ్డ అరుదైన రక్తం

మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి సూరత్ మనకు పరాయి ఊరేమీ కాదు. చీరలకు, వజ్రాలకు పేరుపడ్డ ఆ నగరం 2022లో మాత్రం రక్తం గురించి వార్తల్లోకెక్కింది.

గుజరాత్‌లో అరవై దాటిన ఒక హృద్రోగికి ఆపరేషన్ చేయాలి, అందుకు రక్తం కావాలి. ఎవరి రక్తంతో కలిపి చూసినా సరిపడలేదు. నమూనా సూరత్‌లోని సమర్పణ్ రక్తకేంద్రానికి, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లింది. చివరకు తేలిందేమంటే, ఆయన ఎర్ర రక్తకణాల మీద ఈఎంఎం అనే యాంటిజెన్ లేదు. ఇది దాదాపు మనుషులందరిలోనూ ఉండేది. ఇది లేనివారిని మన దేశంలో గుర్తించడం అదే మొదటిసారి.

మన కార్డుల మీద 'ఓ పాజిటివ్', 'బి నెగెటివ్' అని మాత్రమే రాస్తారు. అవి ఏబీఓ, ఆర్‌హెచ్ అనే రెండు వ్యవస్థల వివరాలు మాత్రమే. ఇలాంటివి నలభైకి పైగా ఉన్నాయి. 2021లో ఈఎంఎంకు మూలమైన జన్యువు (పీఐజీజీ) తెలియడంతో దాన్ని 42వ వ్యవస్థగా గుర్తించారు. తనలో లేని యాంటిజెన్ కనిపిస్తే శరీరం దాన్ని శత్రువుగా భావించి యాంటీబాడీలతో దాడి చేస్తుంది. ఈఎంఎం విషయంలో చిక్కేమిటంటే, ఎన్నడూ రక్తం ఎక్కించుకోనివారిలోనూ ఆ యాంటీబాడీలు కనిపించాయి.

ఇలాంటి చిక్కు మనకు కొత్త కాదు. 1952లో ముంబయిలో భెండే బృందం వెల్లడించిన 'బాంబే' గ్రూపులో ఏ, బీ యాంటిజెన్లకు పునాది అయిన హెచ్ పదార్థమే ఉండదు. మామూలు పరీక్షలో అది 'ఓ'గా కనిపిస్తుంది. కానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం, ఎందుకంటే ఓ కణాల మీద హెచ్ దండిగా ఉంటుంది. దాత కణాలను రోగి సీరంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్‌ను తొందరలో ఎగ్గొట్టకూడదనేది ఇందుకే.

అవయవదానంలో లెక్క కొంత వేరు. ఏ, బీ యాంటిజెన్లు రక్తనాళాల లోపలి పొర మీద కూడా ఉంటాయి. అవి పొసగకపోతే కొత్త కిడ్నీలో నిమిషాల్లో, గంటల్లో రక్తం గడ్డకట్టి అది పాడైపోవచ్చు. ఆర్‌హెచ్ డి యాంటిజెన్ మాత్రం ఎర్రకణాలకే పరిమితం కాబట్టి కిడ్నీకి పాజిటివ్, నెగెటివ్ తేడా అడ్డు కాదు. ముందుగా ప్లాస్మా నుంచి యాంటీబాడీలు తొలగించి, గ్రూపు కలవని కిడ్నీని అమర్చే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది.

మరి ఈఎంఎం లేనివారికి దారేది? ముందే తెలిస్తే, ఆరోగ్యం అనుమతిస్తే, తమ రక్తాన్నే తీయించి దాచుకోవచ్చు. ఫ్రిజ్‌లో ఎర్రకణాలు ఐదారు వారాలే నిలుస్తాయి. గ్లిసరాల్ కలిపి గడ్డకట్టిస్తే పదేళ్ల దాకా ఉంచవచ్చు. గుండె జబ్బు ఉన్న మనిషి నుంచి రక్తం తీయడం మాత్రం అంత తేలిక కాదు. అప్పుడు వెతకాల్సింది తోబుట్టువుల్లో. ఈ లక్షణం కనబడాలంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి బిడ్డలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో అలా కలిసే వీలు ఇంకా ఎక్కువ. అరుదైన గ్రూపు ఒకరిలో బయటపడగానే వైద్యులు అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని పిలిపించి పరీక్షించేది అందుకే.