పదిమంది పట్టిన మోకు

పెబ్బేరు చుట్టుప్రక్కల కాలువక్రింద సేద్యము చేయు రైతుసోదరులకు పిల్లకాలువ పూడికతీత క్రొత్త సంగతి కాదు. నీరు విడుచుటకు ముందు గ్రామమున చాటింపు వేయుదురు. మొదటినాడు ఇంటికొకరు చొప్పున పారయు గంపయు పట్టుకొని వత్తురు. రెండవనాడు సగముమంది వత్తురు. మూడవనాటికి గట్టుమీది వేపచెట్టు నీడలో మనుష్యులు నిండుగా నుందురు. కాలువలో మాత్రము ఇద్దరో ముగ్గురో తుంగ కోయుచుందురు. తుదకు మొదటి తూమువద్ద కాలువ అద్దమువలె నుండును, చివరి తూమువద్ద తుంగయు బురదయు ఎక్కడివక్కడనే యుండును. చివరి ఆయకట్టు రైతు నారు పోసికొని నీటికై ఎదురుచూచును. పైరు పొట్టకు వచ్చునప్పుడు నీరందక ఎండును. అటుపిమ్మట తగవులు, పంచాయతులు, కొన్నిచోట్ల పోలీసు స్టేషను.

“మనవారిలో ఐకమత్యము లేదు” అని యందరును దీనికి కారణము చెప్పుదురు. ఈ మాటను మేము లెక్కలేనన్ని సభలలో వింటిమి. అది రోగమునకు పేరు పెట్టుటయే గాని మందు చెప్పుట కాదు. ఐకమత్యము లేనివారే యైనచో ఆ గ్రామస్థులే బొడ్రాయి పండుగను, పీర్ల పండుగను ఎట్లు జరుపుకొనుచున్నారు? అక్కడ చందా ఇంటికింత యని ముందే తేలును. ఎవరెంత యిచ్చిరో పదిమంది యెదుట చదువుదురు. ఇయ్యనివాని పేరును ఊరంతయు నెరుగును. కాలువపనిలో ఎవరెంత మట్టి యెత్తిరో ఎవరికిని తెలియదు. తేడా యంతయు ఇక్కడనే యున్నదని మా యభిప్రాయము.

ఈ సంగతిని మొట్టమొదట కొలిచి చూచినవాడు వ్యవసాయ శాఖకు సంబంధించినవాడే యగుట మాకు సంతోషకరము. ఫ్రాన్సు దేశమున మాక్స్ రింగెల్‌మన్ అను వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడు 1882 మొదలు 1887 వరకు గ్రాన్‌జువాన్ వ్యవసాయ పాఠశాలలో మనుష్యులచేత మోకు లాగించి వారి బలమును కొలిచెను. ఆ ఫలితములు 1913లో అచ్చుపడెను. ఒకడు ఒంటరిగా లాగిన బలమును నూఱు పాళ్లనుకొన్నచో, ఇద్దరు కలిసినప్పుడు తలకు 93 పాళ్లు, నలుగురైనప్పుడు 77, ఎనమండుగురైనప్పుడు 49 పాళ్లు మాత్రమే తేలెను. అనగా ఎనమండుగురు కలిసి లాగినది నలుగురు విడివిడిగా లాగిన మొత్తమునకు మించలేదు. పిండిమర పిడిని త్రిప్పు ఖైదీల సంగతియు ఆయన వ్రాసెను. ప్రక్కవాడు త్రిప్పునులే యని ప్రతివాడును తలచి, తన చేతిని పిడివెంట ఊరకే పోనిచ్చెడివాడట!

ఈ నష్టమునకు కారణములు రెండు. జోడు కుదరని యెడ్లు ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు లాగినట్లు మనుష్యుల పట్టు ఒక్కసారిగా పడకపోవుట యొకటి. తన శ్రమ గుంపులో కనబడదు గనుక తెలియకుండగనే చేయి సడలుట రెండవది. 1974లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒకని కండ్లకు గంతలు కట్టి, వెనుక మఱికొందరు లాగుచున్నారని నమ్మించిరి. నిజముగా లాగినవాడు వాడొక్కడే. జోడు కుదరకపోవుట యను మాట అక్కడ లేదు. అయినను వాడు తన బలమును తగ్గించియే లాగెను. 1981లో కేకలతో మఱియొక పరీక్ష జరిగెను. ఎవని చప్పుడెంతయో విడిగా తెలియునని చెప్పినంతనే ఆ సడలింపు పోయెను. కావున గట్టుమీద కూర్చున్నవారిని సోమరులని తిట్టి ప్రయోజనము లేదు. వారే తమ సొంత మడిలో తెల్లవారకముందే దిగుదురు.

ఇక దూరదేశముల మాట విడిచి బీచుపల్లి వారధి దాటుదము. తుంగభద్ర కావలనున్న కర్నూలు జిల్లా గ్రామములను రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు చిరకాలము పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. అక్కడ కొన్ని గ్రామములు ప్రభుత్వము చెప్పకుండగనే తమకు తామే పెద్దలను ఏర్పరచుకొని, ఊరుమ్మడి నీరుగంటులను, పొలము కాపరులను నియమించుకొన్నవి. మళ్లకు నీరు పంచువాడు నీరుగంటియే; రైతులు మడవ దగ్గర పారలతో కొట్టుకొనవలసిన పని లేదు. పంట కోసిన పిదప పొలములలో మందలు మేపుకొను హక్కును గొఱ్ఱెలవారికి అమ్మి, ఆ సొమ్మును ఉమ్మడి నిధిలో చేర్చెడివారు. పెబ్బేరు సంతకు జీవాలను తోలుకొనిపోవు మనవారికి ఈ యుపాయము వెంటనే బోధపడగలదు.

అన్ని గ్రామములును ఇట్లు చేయలేదు. కాలువ మొదట నీటి కొదువ లేనిచోట ఇట్టి యేర్పాటు అరుదు; కాలువ చివర, నీరు అందునో అందదో యను భయమున్నచోట ఎక్కువ. ఒక జిల్లాలోని మనుష్యులు, ఒక భాషవారు, ఒక పంటవారు. కాలువ మొదటివారు చెడ్డవారనియు చివరివారు సాధువులనియు దీనివలన తేలదు. కలిసినందున వచ్చు లాభము కంటికి కనబడినచోట కలిసిరి, అంతే.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచెను. చట్టము సంఘమునకు పేరును, ముద్రను, అధ్యక్షుని ఇయ్యగలదు. ఎవని వంతు పని యెంతయో తేల్చుట గ్రామస్థులు కూర్చుండి చేసికొనవలసినదే. 1956లో ముల్కనూరున అల్లిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సహకార సంఘము అప్పిచ్చుటయే గాక సభ్యుల పంటను కూడ అమ్మిపెట్టుటచేత, తన కొలత, తన లెక్క ప్రతి సభ్యునకును కనబడుచుండును. మన సంఘములలో అట్టి లెక్క కాలువపనికిని ఏల యుండరాదు?

మేము చెప్పునది ఇంతే. కాలువను ఎకరముల ప్రకారము గజములుగా కొలిచి, గూటములు పాతి, ఎవరి భాగము ఎవరిదో చీట్లు వేసి తేల్చవలెను. పై రైతుకు పై భాగమే యిచ్చినచో చివర మరల తుంగయే మిగులును. పూడిక ఎక్కువ యున్నచోట గజములు తగ్గింపవలెను. మగదిక్కు లేని యిండ్లవారు కూలిని పెట్టుకొనవచ్చును, లేక నిర్ణయించిన రొక్కము చెల్లింపవచ్చును. తూముల మరమ్మతువంటి గుంపుపని తప్పనిచోట నలుగురైదుగురిని మించి ఒక జట్టుగా నుంచరాదు. మిషను బడిలో మేము చదివిన ద్రాక్షతోట కథలో సాయంకాలము వచ్చినవానికిని ఉదయము వచ్చినవానితో సమానముగా కూలి దొరకెను, మిగిలినవారు సణిగిరి. ఆ యజమాని ఇచ్చినది తన సొంత సొమ్ము. కాలువనీరు ఒకరి సొంతము కాదు గదా! తప్పినవానికి మొదట చిన్న జరిమానా చాలును, మరల తప్పినచో పెంచవచ్చును. ఉమ్మడి వనరులను గూర్చి శోధించి 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ అమ్మగారు చిరకాలము నిలిచిన సంఘములలో ఇట్టి క్రమమునే కనుగొనిరి.

సభ సంగతి యొకటి మిగిలినది. పెద్దరైతు మొదట మాటలాడినచో తక్కినవారు తలలూపుదురు. హోటలు వద్ద టీ త్రాగుచు ఇంకొక మాట చెప్పుదురు. అట్లు తలలూపి ఒప్పుకొన్న కట్టుబాటు మొదటి నీటితడి వరకైనను నిలువదు. 1951లో సాలొమన్ ఆష్ చేసిన పరీక్షలలో, కంటికి స్పష్టముగా కనబడు గీతల పొడవు విషయమున గూడ పెక్కుమంది ఒక్కసారియైనను గుంపు చెప్పిన తప్పునకే ఒప్పుకొనిరి. నిజము పలుకు తోడు ఒక్కడున్నచో ఆ లొంగుబాటు మిక్కిలి తగ్గెను. కాబట్టి చివరి ఆయకట్టు రైతులను ఇద్దరిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి, ముందుగా వారిచేతనే చెప్పింపవలెను. పూడికతీత పట్టీని చదువువాడును వారిలో ఒకడే యగుట మంచిది. శనివారము సంతదినము గనుక ఆనాడు సభ పెట్టరాదు. పెట్టినచో వచ్చువారు ముసలివారును, కార్యదర్శియు మాత్రమే.