లోహం కూడా అలసిపోతుంది!

సన్నని ఇనుప తీగను అటూ ఇటూ పదే పదే వంచి చూడండి. మొదట వంగుతుంది, చివరకు పుటుక్కున తెగుతుంది. ఇదే లోహపు అలసట.

స్పెయిన్‌లోని కాటలోనియాలో 1970 దశకంలో రూపుదిద్దుకున్న ట్రయల్స్ అనే సైకిలు క్రీడలో ఆటగాడు కాలు నేలకు మోపకుండా, సైకిలుతో సహా బండ నుంచి బండకు గెంతుతాడు. ప్రతి గెంతులోనూ అతని బరువు క్రాంకులపై, అంటే పెడళ్లను ఇరుసుతో కలిపే కడ్డీలపై పడుతుంది. అడ్డంగా ఉన్న 17 సెంటీమీటర్ల క్రాంకు చివర 60 కిలోల మనిషి ఊరికే నిలబడితేనే ఇరుసు వద్ద సుమారు 100 న్యూటన్-మీటర్ల మెలి! పైనుంచి దూకితే ఇంకా ఎక్కువ. గాలిలో ఉండగా క్రాంకు విరిగితే బండకు తగిలేది మోకాలే.

మరి ఎటువంటి క్రాంకు మేలు? పోత పోసినదానికంటే సాగగొట్టి మలచినది గట్టిది. పోతలో గాలిబుడగలు మిగలవచ్చు. మూలలు నునుపుగా, గుండ్రంగా ఉండాలి. పదునైన మూల వద్ద, లోతైన గీత వద్ద ఒత్తిడి గుమిగూడి పగులు పుడుతుంది. ఉక్కు ఒక హద్దులోపు ఒత్తిడిని ఎన్నిసార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. కనుక పెడలు బిగించే రంధ్రం చుట్టూ తుడిచి చూస్తుండాలి. వెంట్రుకవాసి పగులు కనిపించినా దాన్ని మార్చవలసిందే.

మీ సైకిలు క్రాంకులను ఎప్పుడైనా ఇలా చూశారా?