చీపురుకు చిక్కని దుమ్ము

‘అలర్జీ’ అనే మాటను 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు. మన ఇళ్ళలో దానికి చక్కని తెలుగు మాట ఉన్నది. “మా వాడికి వంకాయ పడదండీ”, “మా ఆవిడకు దుమ్ము పడదు” అంటాము. ఇందులో ఎంత నిజం ఇమిడి ఉన్నదో చూడండి. వంకాయ చెడ్డదీ కాదు, పిల్లవాడు చెడ్డవాడూ కాదు. ఇద్దరికీ పొత్తు కుదరలేదు, అంతే.

వంకాయ పడకపోతే మానుకోవచ్చు. గాలి పీల్చడం మానుకోలేము గదా! విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో నిద్ర లేస్తూనే తుమ్ముల దండకం చదివే గృహస్థులూ, ముసురు పట్టగానే రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యే పిల్లలూ ఎందరో ఉన్నారు. అటువంటి ఇంట్లో ముందుగా మాట పడేది కోడలు. “ఇల్లు సరిగా ఊడిస్తే వాడికి ఈ బాధ ఉండునా?” అంటుంది అత్తగారు. మరునాడు ఆమె పంతం కొద్దీ రెండుసార్లు ఊడుస్తుంది. పిల్లవాడి ఆయాసం మరికాస్త పెరుగుతుంది! తప్పు కోడలిదా, చీపురుదా?

దుమ్ములో మనకు పడనిదేమిటో చాలాకాలం అంతుపట్టలేదు. 1964లో హాలండు దేశపు లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా మొదలైన పరిశోధకులు ఒక సూక్ష్మమైన పురుగును వేలెత్తి చూపారు. అది మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు ఉంటుంది, కంటికి ఆనదు. నల్లివలె కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటినుంచి నిత్యం రాలే చర్మపు పొట్టే దాని ఆహారం. అందుచేత దాని కాపురం మన పరుపులోనూ, తలగడలోనూను. మనకు పడనిది ముఖ్యంగా దాని మలం. పురుగు చచ్చినా అది దుమ్ములో మిగిలే ఉంటుంది.

ఈ పురుగు నీళ్ళు తాగలేదు. గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుని బ్రతుకుతుంది. తేమ 50 శాతానికి లోపుగా కొన్నాళ్ళు నిలిచిందా, ఎండి చస్తుంది. మన కోస్తాలో వానకాలపు నెలలలో తేమ 70 శాతానికి పైమాటే గనుక దానికి రోజూ పెళ్ళి భోజనమే. అందువల్ల మన ఇళ్ళకు ఊడవడం కంటె ఆరబెట్టడం ముఖ్యం.

ఎండు చీపురుతో విసురుగా ఊడిస్తే నేలమీది దుమ్ము ముక్కుదాకా లేస్తుంది. అది దిగడానికి అరగంటయినా పడుతుంది. పడని మనిషి అంతసేపూ ఆ గదిలో ఉండరాదు. ఊడ్చే ఇల్లాలికే పడకపోతే? చీపురు అయ్యగారు అందుకోవాలి. (తెలుగు పాఠాలు చెప్పుకునే వాణ్ణయినా ఈ మాట ధైర్యంగా వ్రాస్తున్నాను, ఆదివారాలు మా ఇంట్లో బూజుకర్ర నా చేతిలోనే ఉంటుంది.) చీపురుకంటె తడిగుడ్డ మేలు. అయితే గుడ్డను గట్టిగా పిండాలి. ముసురు రోజున బకెట్లకొద్దీ నీళ్ళు గుమ్మరించి కడిగి, కిటికీలు మూసుకుంటే పురుగును విందుకు పిలిచినట్లే.

అసలు యుద్ధం పడకగదిలో జరగాలి. దుప్పట్లు, గలేబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో, అంటే చెయ్యి పెట్టలేనంత వేడిలో, ఉతికితే పురుగు చస్తుంది. చన్నీళ్ళలో ఉతికితే మలం చాలావరకు పోతుందిగాని పురుగు బ్రతికే ఉంటుంది. పరుపులను, బూరుగుదూది తలగడలను మండుటెండలో డాబామీద వేసి, రెండు వైపులా తిప్పి, కర్రతో దులిపించండి. ఆ దులపడం మాత్రం గదిలో వద్దు. దగ్గరగా నేసిన గుడ్డతో పరుపునంతా మూసే తొడుగులు దొరుకుతున్నవి. కొనగలిగినవారికి అవి మంచివే.

ఇక బూజు సంగతి. ఇంటికప్పున వేలాడే సాలెగూళ్ళనూ బూజనే అంటాము, ఊరగాయమీద పట్టే తెల్లని దాన్నీ బూజనే అంటాము. మొదటి దానికి కర్ర చాలు. రెండవది ప్రాణమున్నది, దాని మూలం చెమ్మ. బయటి గోడకు ఆనించి పెట్టిన బీరువాను జానెడు ముందుకు జరిపి వెనుక చూడండి, నల్లని మచ్చలు కనిపించవచ్చు. అక్కడ కర్రతో గీకితే దాని విత్తనాలు గదంతా ఎగురుతవి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్ళతో తడిపి తుడిచి, గోడ ఆరనివ్వాలి. గోడలోకి నీరు ఎక్కడినుంచి దిగుతున్నదో పట్టుకోకపోతే నెల తిరిగేసరికి మచ్చ మళ్ళీ హాజరు! వెనకటి సున్నపు వెల్ల బూజుకు గిట్టదు, గోడను ఆరనిస్తుంది కూడా. చెమ్మగోడమీద ఖరీదైన రంగు వేయించి, అది పొక్కులు లేచిన తరువాత మేస్త్రీని తిట్టి లాభంలేదు. మరొక హెచ్చరిక: బ్లీచింగు పౌడరు నీళ్ళలో మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చుతుంది.

బొద్దింకల రెట్టా, అవి విడిచిన పొట్టూ చాలామందికి పడవు. రాత్రి ఎంగిలి గిన్నెలు వదలకుండా, తూము దగ్గర కారే నీటిని అరికడితే సగం పోతవి. వాటిమీద మందు చిమ్మితే ఆ ఘాటుకే పిల్లవాడికి ఆయాసం రావచ్చు. దోమల చుట్ట పొగ, సాంబ్రాణి పొగ కూడా అంతే. దేవుడికి దీపం చాలునని పెద్దలకు నచ్చజెప్పడం కొంచెం కష్టమే!

వీటిలో ఏ ఒక్కటో చేసి ఊరుకుంటే గుణం అంతగా కనబడదు. అన్నీ కలిపి నెలల తరబడి చేయాలి. ఇల్లు బాగుపడింది గదా అని పిల్లవాడి పీల్చే మందు మాన్పించకండి. దాన్ని ఎప్పుడు తగ్గించాలో డాక్టరుగారు చెప్పాలి.