సంగటి ముద్ద పక్కన ఏముంది?

యాభై గ్రాముల రాగిపిండి, యాభై గ్రాముల బియ్యం కలిపి కెలికిన సంగటి ముద్దలో సుమారు 340 కెలరీలు ఉంటాయి. పిండిపదార్థాలు 72 గ్రాములు, మాంసకృత్తులు ఏడున్నర గ్రాములు, కొవ్వు గ్రాము పైచిలుకు. తూకానికి బరువుగా తూగేది నీళ్ల వల్లే. ఒళ్లు తగ్గించుకోవాలనుకునే కర్నూలు, కడప జిల్లాల వాళ్లు ముందుగా మానేసేది ఈ ముద్దనే. కానీ లెక్కలు చూస్తే చిక్కు ముద్దలో కనిపించదు. ఎన్ని ముద్దలు తిన్నారు, పక్కన ఏం వేసుకున్నారు, ఆ కూరలో నూనె ఎంత పడింది అన్న చోటే ఉంది.

మాంసకృత్తులు గ్రాముకు 4 కెలరీలు ఇస్తాయి, పిండిపదార్థాలూ అంతే. కొవ్వు 9 ఇస్తుంది. ఖర్చయ్యేదాని కంటే తక్కువ తింటే ఒళ్లు తన నిల్వలు తీస్తుంది. అయితే తీసేది కొవ్వును మాత్రమే కాదు, కండనూ కరిగిస్తుంది. కండ నిలవాలంటే రెండు కావాలి: బరువులెత్తే పని లేదా వ్యాయామం, తగినన్ని మాంసకృత్తులు. అన్నం మానేసి మజ్జిగ మీద గడిపినవాళ్ల బరువు తగ్గినా పొట్ట అలాగే ఉండి చేతులు సన్నబడటానికి కారణం ఇదే.

ఈ లెక్కకు తెలుగు నేల మీదే ఒక మంచి పత్రం ఉంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులకు ఆహార మార్గదర్శకాలను కొత్తగా వెలువరించింది. అందులో సూత్రాలు 17. వాటన్నిటికంటే పనికొచ్చేది ఒక్క పళ్లెం బొమ్మ. రోజుకు 2,000 కెలరీలు తినే మనిషికి ఏది ఎన్ని గ్రాములో అందులో చూపారు. తూకమంతా వండకముందు సరుకుదే. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. మాంసం, గుడ్లు తినేవాళ్లు పప్పుల వాటాలోనే వాటిని సర్దుకోవాలి.

ఈ అంకెలను కెలరీల వాటాలుగా మారిస్తే అసలు విషయం తెలుస్తుంది. ధాన్యం వాటా 42 శాతం. ఎంతైనా 45 దాటకూడదని సంస్థ మాట. మన ఇళ్లలో అది సగానికి మించి 70 శాతం దాకా పోతోందని అదే పత్రం చెబుతోంది. పప్పులు, మాంసం కలిసి 14 శాతం ఉండాల్సిన చోట 6 నుంచి 9 శాతమే. అంటే పళ్లెంలో అన్నం కొండంత, పప్పు దాని మీద పూత. కొవ్వు అన్ని రకాలుగా కలిపి 30 శాతం లోపు ఉండాలి. పిండిపదార్థాలను శత్రువుగా చూడమని పత్రంలో ఎక్కడా లేదు. ధాన్యం మూడు పాళ్లయితే పప్పు ఒక పాలు ఉండాలన్నది దాని పాత సలహా, గట్టి సలహా కూడా. ఒకదానిలో తక్కువైన అమైనో ఆమ్లాన్ని రెండోది పూరిస్తుంది.

సీమ పళ్లేన్ని ఈ గీటురాయి మీద పెట్టి చూడవచ్చు. చెనిక్కాయ చట్నీ, ఊరుబిండి లేకుండా ఇక్కడ పూట గడవదు, గడవాల్సిన పనీ లేదు. చెనిక్కాయల్లో మాంసకృత్తులు ఉన్నాయన్నది నిజం: నూరు గ్రాములకు దాదాపు 24. కానీ కొవ్వు 40 గ్రాములు. దాని కెలరీల్లో ఇంచుమించు 70 శాతం కొవ్వు నుంచే వస్తాయి. మాంసకృత్తుల కోసం చెనిక్కాయలు పిడికిళ్ల కొద్దీ తినేవాళ్లు నూనె తింటున్నారని గుర్తుంచుకోవాలి. రోజుకు 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, చాలు: 7 గ్రాముల మాంసకృత్తులు, 155 కెలరీలు.

మాంసకృత్తుల పని చేయగలిగింది ఉలవలు. వాటిలో మాంసకృత్తులు నూటికి 22 పాళ్లు దాకా, కొవ్వు ఒక పాలు కూడా లేదు. కందిపప్పు, పెసలు, అలసందలు కూడా ఇదే వరసలోకి వస్తాయి. సాయంత్రం బజ్జీల పొట్లం బదులు ఉడికించి తాలింపు పెట్టిన ఉలవ గుగ్గిళ్లు తినడం కంటే చవకైన మార్పు ఈ జిల్లాల్లో మరొకటి దొరకదు. బొరుగులతో చేసే ఉగ్గానిదీ అదే కథ. అరవై గ్రాముల బొరుగులకు 220 కెలరీలు కూడా కావు. దాని మీద చల్లే పుట్నాల పొడి మేలే చేస్తుంది. జంటగా వచ్చే మిరపకాయ బజ్జీ పీల్చుకున్న నూనె మాత్రం ఆ ఉదయపు లెక్కంతా మార్చేస్తుంది. బజ్జీ తీసి ఉడికించిన గుడ్లు రెండు పెడితే 12 గ్రాముల మాంసకృత్తులు చేరతాయి.

ఇక ఒక నమూనా. కుర్చీలో కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు సుమారు 2,110 కెలరీలు, కనీసం 54 గ్రాముల మాంసకృత్తులు కావాలని సంస్థ లెక్క. సన్నబడుతూ వ్యాయామం చేసేవాళ్లకు కిలోకు ఒక గ్రాము దాటి తినడం మేలు. ధాన్యం 150 గ్రాములు (ఒక సంగటి ముద్ద, ఒక జొన్న రొట్టె), పప్పులు 100, గుడ్లు రెండు, పెరుగు 300, చెనిక్కాయలు 30, కూరగాయలు 400, పండు 100, నూనె 15 గ్రాములు తింటే 1,700 కెలరీలు, 70 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. వాటాలు చూస్తే మాంసకృత్తులు 17 శాతం, కొవ్వు 28, మిగతా 55 పిండిపదార్థాలు. ముద్ద పోలేదు, రొట్టె పోలేదు, పోయింది రెండో ముద్దా, కూర మీద తేలే నూనే. గుడ్డు ముట్టనివాళ్లు దాని బదులు యాభై గ్రాముల ఉలవలు వేసుకోవచ్చు. నాటుకోడి పులుసు ఉన్న రోజున పప్పు తగ్గించుకోవాలి. అదే పనిచేసే 55 కిలోల ఆడవాళ్లకు అవసరమే 1,660 కెలరీలు కాబట్టి కొలతలన్నీ ఆ మేరకు తగ్గుతాయి. చేలో ఎండలో కలుపు తీసే మనిషికి ఈ లెక్క వర్తించదు.

పూర్వం ఇక్కడ రాగి, జొన్న, కొర్రలే తిండి. 1860ల్లో తవ్విన కర్నూలు–కడప కాలువ కొన్ని ఊళ్లకు వరి తెచ్చింది, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చిన బియ్యం మిగతా ఊళ్లకూ తెచ్చింది, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించాక కొర్రలు మళ్లీ పట్నం అంగళ్లకెక్కాయి.

కొర్రల మాట

నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం కొర్ర వంగడాలకు పేరు పొందింది. ‘సూర్యనంది’ అక్కడిదే. ఎనభై రోజుల లోపే చేతికొచ్చే ఈ పంట మెట్టకు వరం. కొర్రల్లో మాంసకృత్తులు 12 శాతం, అంటే బియ్యం కంటే ఎక్కువ. పీచూ ఎక్కువే, పొట్ట నిండిన భావం ఎక్కువసేపు ఉంటుంది. కానీ నూరు గ్రాములకు కెలరీలు 330, బియ్యానికి 355. తేడా ఇంతే. కొర్రన్నమే కదా అని రెండింతలు తింటే బరువు పెరుగుతుంది. ధాన్యం మార్చడం మంచిదే, అది కొలత తగ్గించడానికి బదులు మాత్రం కాదు.

వంటింటి కొలతలు

మనిషికి రోజుకు 27 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్ల నూనె సరిపోవాలి, బయట తినే బజ్జీలు, పచ్చళ్ల మీది నూనె కూడా ఇందులోకే వస్తాయి. మాంసకృత్తుల డబ్బా పొడులు కొనొద్దని పోషకాహార సంస్థ చెబుతోంది. వారానికి అరకిలో తగ్గడం క్షేమం, రోజుకు వెయ్యి కెలరీల కంటే తక్కువ తినడం క్షేమం కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, చక్కెరకు మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు డాక్టరును అడగకుండా పై కొలతలు పాటించకూడదు. మిగతావాళ్లు ఈ నెల నూనె ప్యాకెట్ విప్పిన తేదీని గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.