తాతల నాటి కుర్చీ ఏ కర్రది?

మీ ఇంటి అటక మీదనో, పశువుల కొట్టంలోనో తాతల నాటి కర్ర కుర్చీలు పడి ఉన్నాయేమో చూడండి. మా ధరూర్ వైపు పల్లెల్లో పాత సామాను కొనేవాళ్లు వస్తే ఇలాంటివి కట్టెల లెక్కన పోతుంటాయి. వాటి చోటికి ప్లాస్టిక్ కుర్చీ వస్తుంది. ఇచ్చింది టేకో తుమ్మో తెలియకుండానే బేరం ముగుస్తుంది. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బడి ప్రయోగశాలలోని భూతద్దం, వెర్నియర్ కాలిపర్సు చాలు.

ముందొక హెచ్చరిక. అమ్మేముందు మెరిపిద్దామని గరుకు కాగితంతో రుద్దకండి, వార్నిషు పూయకండి. పాత వస్తువులు కొనేవారు వెతికేది ఆ పాత పైపూతనే. రుద్దితే మీకు పనికొచ్చే ఆనవాళ్లు కూడా పోతాయి.

ఇప్పుడు కుర్చీని తిరగేయండి. కాలి అడుగుభాగం కర్రకు అడ్డుకోత అన్నమాట. తడిగుడ్డతో తుడిచి భూతద్దంతో చూడండి. సన్నని రంధ్రాలు కనబడతాయి. చెట్టు బతికున్నప్పుడు నీటిని పైకి తీసుకుపోయిన దారునాళాలు ఇవే. టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి, వానలు రాగానే చిగురించి వేగంగా పెరుగుతుంది. అప్పుడు నీరు ఎక్కువ కావాలి గనుక పెద్ద నాళాలు ఏర్పడతాయి, తరువాత చిన్నవి. అందుకే టేకులో పెద్ద రంధ్రాలు ఏటేటా ఒక వరుసగా, వలయంలా అమరి ఉంటాయి. ఇరుగుడు, వేప, మామిడి, తుమ్మ కర్రల్లో అవి చెదురుమదురుగా ఉంటాయి. వీటిలో ముదురు ఊదా రంగు మీద నల్లచారలుంటే ఇరుగుడు కావచ్చు. దాన్నే జిట్రేగి అనీ, రోజ్‌వుడ్ అనీ అంటారు.

బరువుగా ఉంటే టేకే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. టేకు సాపేక్ష సాంద్రత సుమారు 0.65, ఇరుగుడుది 0.85 దాకా ఉంటుంది. నల్లతుమ్మ కూడా టేకు కంటే బరువే. కుర్చీ నుంచి ఊడిన పలుచని చదరపు ముక్క దొరికితే నీళ్లలో వేయండి. మందంలో ఎన్నో వంతు మునిగిందో అదే దాని సాపేక్ష సాంద్రత. నీరు పీల్చుకోకముందే కొలవాలి. దీనికోసం కుర్చీని మాత్రం కోయకండి!

ఇక వయస్సు. తరిమెన పట్టిన గుండ్రటి కాళ్లుంటే ఒకేచోట రెండు అడ్డదిశల్లో వ్యాసం కొలవండి. కర్ర ఆరేకొద్దీ వలయాల వెంబడి ఎక్కువగా, వాటికి అడ్డంగా అందులో దాదాపు సగమే కుదించుకుంటుంది. కనుక తయారైననాడు గుండ్రంగా ఉన్న కాలు క్రమేణా కోలగా మారుతుంది. తేడా ఒక మిల్లీమీటరులోపే ఉండవచ్చు, వెర్నియర్‌కు అది చిక్కుతుంది. అయితే పచ్చికర్రతో చేసిన కొత్త కాలైనా కొద్దికాలంలోనే కోలగా అవుతుంది. కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. మేకులూ చూడండి. తల మీద ప్లస్ గుర్తున్న ఫిలిప్స్ స్క్రూకు అమెరికాలో పేటెంటు వచ్చింది 1936లో. అలాంటి స్క్రూ ఉంటే ఆ కుర్చీ అంతకన్నా తరువాతిది, లేదా తరువాత మరమ్మతు చేసినది.

కొన్ని కుర్చీల వీపు ఒకే కర్రను విల్లులా వంచి చేసినట్లుంటుంది. హైదరాబాదు పాత ఇరానీ హోటళ్లలో మీరు చూసే ఉంటారు. ఆవిరి పట్టిస్తే కర్రలోని లిగ్నిన్ మెత్తబడి వంగుతుంది, చల్లారితే ఆ వంపులోనే నిలుస్తుంది. మైకేల్ థోనెట్ కంపెనీ 1859లో ఇలా 14వ నంబరు కుర్చీని తెచ్చి ప్రపంచమంతా అమ్మింది. అది మన అడవుల్లో లేని బీచ్ కర్ర. పీట కింది అంచున ముద్ర గాని, కాగితపు చీటీ గాని ఉందేమో చూడండి. ఉంటే దాన్ని పీకకండి.

చివరికి ధర. పేము అల్లిక తెగిపోయిందని దిగులు పడనక్కరలేదు, మళ్లీ అల్లించవచ్చు. సన్నని రంధ్రాల నుంచి తాజాగా పొడి రాలుతుంటే మాత్రం పురుగు ఇంకా లోపలే ఉన్నట్లు. చేవ ఉన్న టేకులో టెక్టోక్వినోన్ వంటి పదార్థాలుండటం వల్ల చెదలు అంత తేలికగా పట్టవు గాని, అంచున ఉండే తెల్లకర్రకు ఆ రక్షణ లేదు. ఒకే రకం కుర్చీలు నాలుగో ఆరో ఉంటే విడదీసి అమ్మకండి, జతకు విలువ ఎక్కువ. ఇద్దరు ముగ్గురు వడ్రంగులకూ, పాత ఫర్నిచరు వ్యాపారులకూ చూపించాకే మాట ఇవ్వండి. అంతకుముందు నాలుగు కాళ్ల అడుగులనూ మరొక్కసారి భూతద్దంతో పోల్చి చూడండి. మూడింటిలో రంధ్రాలు వలయంగా ఉండి నాలుగోదానిలో చెదిరి ఉంటే, ఆ కాలు తరువాత ఎవరో మార్చినదే.