నూట అరువది కాదు, ఎనుబది

పులికాట్ సరస్సు తీరమున 1613వ సంవత్సరమున గెల్డ్రియా కోటను నిర్మించుకొనిన డచ్చివారు ఓడలకెక్కించిన సరకులలో ముఖ్యమైనవి కోరమాండల్ తీరపు నేతబట్టలు. బట్టల మూటలు మెత్తనివి గావున బలముగా నొత్తినచో నణగి, యోడ గర్భమున నే మూలనైనను ఇమిడిపోవును. నేడు ఆ సరస్సునకు దక్షిణమున కాట్టుపల్లి, ఎన్నూరు, చెన్నై రేవులున్నవి. చిత్తూరు మండలమున తోతాపురి మామిడినుండి తీసిన గుజ్జు సముద్రము దాటుటకు ఇవి సమీపద్వారములు. ఆ గుజ్జు విశేషముగా ప్రయాణము చేయునది ఇనుప డ్రమ్ములలో. ఇనుము మాత్రము అణగునది కాదు.

ఇరువది అడుగుల కంటైనరు లోపలి ఘనపరిమాణము సుమారు 33 ఘనమీటర్లు. డ్రమ్ము 200 లీటర్లది. భాగించి చూచినవారు నూట అరువదికి పైబడి పట్టునని నిశ్చయింతురు, పట్టునవి ఎనుబది. లోపలి వెడల్పు 2.35 మీటర్లు, నిడివి 5.9 మీటర్లు, డ్రమ్ము వ్యాసము 58 సెంటీమీటర్లనుకొన్నచో, అడ్డముగా నాలుగును నిలువుగా పదియు కలిసి నలుబది, రెండంతస్తులకు ఎనుబది. పైన 60 సెంటీమీటర్ల చోటు మిగులును గాని, డ్రమ్ము ఎత్తు 88 గావున మూడవ యంతస్తునకది యెందుకును కొరగాదు. గుండ్రని వస్తువులను చదరముగా పేర్చినప్పుడు నేలలో నూటికి ఇరువదియొక పాళ్లు ఊరకే పోవును.

తేనెపట్టు గదులవలె ఒక వరుస సందులలో మరియొక వరుసను చొప్పించినచో స్థలము కలిసివచ్చునని జ్యామితి నేర్చినవాడు వెంటనే యనును. విశాలమైన మైదానమున నది నిజమే; ఇరుకు పెట్టెలో వరుస విడిచి వరుసకు మూడే పట్టును, పదునొకండు వరుసలకును లెక్క ముప్పదితొమ్మిది! శాస్త్రము తప్పు కాదు, గోడలను మరచుట తప్పు.

మిగిలిన సందును కేవలము నష్టముగా నెంచుట వ్యాపారి స్వభావము. ఓడ యూగునప్పుడు ఆ సందే డ్రమ్మునకు పరుగుతీయు దారి యగును. అందుచేతనే అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, ఐక్యరాజ్యసమితివారి ఐరోపా ఆర్థిక సంఘము కలిసి 2014లో వెలువరించిన నియమావళి, నేలకు సమాంతరముగా ఏ వైపున చూచినను సందులన్నిటి మొత్తము 15 సెంటీమీటర్లకు మించరాదనియు, బరువైన గట్టి సరకుల నడుమ సందును సాధ్యమైనంతవరకు ఇంకను తగ్గింపవలెననియు చెప్పుచున్నది. పై లెక్కలో నిడివిన మిగిలిన పది సెంటీమీటర్లను తలుపువైపున చెక్కలతో బిగింతురు. అంతస్తుల నడుమ ప్లైవుడ్ పరతురు.

అడ్డముగా మిగులునది మూడే సెంటీమీటర్లు. డ్రమ్ము మూతను బిగించు కట్టు కొక్కెము కొంచెము బయటికి పొడుచుకొని వచ్చును. నాలుగు డ్రమ్ములకును నవి ప్రక్కలకే తిరిగియున్నచో నాలుగవది లోనికి పోదు. ఆ కొక్కెములను నాలుగు డ్రమ్ముల నడుమ నేర్పడు మూలసందులోనికి త్రిప్పి పెట్టించినచో వరుస సాఫీగా నిలుచును.